గడప దగ్గర ఆపుతున్నదెవరు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిన కాలంలో ఇల్లంటే ఇటుక, సున్నం, కలప, నాలుగు చేతుల కష్టం. నేడు ఇల్లంటే ముందు కాగితం, ఆ కాగితానికి ముందు రొక్కం. ఆ రొక్కాన్ని బ్యాంకులు మార్జిన్ మనీ అంటాయి, బిల్డర్లు డౌన్ పేమెంట్ అంటారు. పేరేదైనా, అద్దె ఇంట్లో పుట్టి అద్దె ఇంట్లోనే ముసలివాళ్లవుతున్న వేలాది కుటుంబాలను సొంత గడప తొక్కనీయకుండా ఆపుతున్నది ఆ తొలి సొమ్మే. నెలనెలా వాయిదా కట్టగల స్తోమత ఉన్నవాడు సైతం ఒక్కసారిగా మూడు నాలుగు లక్షలు పోయలేక వెనుదిరుగుతున్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిం కుటుంబాల విషయంలో ఈ గోడ మరింత ఎత్తుగా ఉందని మేము అంటున్నాం. అది దానంతట అది లేచిన గోడ కాదనీ, విధానాలు కట్టినదనీ, విధానాలే దాన్ని కూల్చగలవనీ కూడా అంటున్నాం.

ఈ గడ్డకు మనం నిన్న మొన్న వచ్చినవాళ్లం కాము. చికాకోల్ సర్కారుకు ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదు నేటికీ శ్రీకాకుళంలో నిలిచి ఉంది. విజయనగరం బాబామెట్టలో ఖాదర్ వలీ బాబా దర్గా గుమ్మంలో మతభేదం లేకుండా జనం బారులు తీరుతారు. నాలుగు వందల ఏళ్ల నాటి మసీదు ఉన్న ఊళ్లో, దాని నీడన బతికే మెకానిక్కు, దర్జీకి, పండ్ల బండి వాడికి, వెల్డరుకు సొంత పైకప్పు లేకపోవడం విధి రాసిన రాత కాదు.

పది శాతం అనే మాట వెనుక

గృహరుణం గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట పది శాతం. 30 లక్షల రూపాయల వరకు ఉన్న గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చునని రిజర్వ్ బ్యాంకు 2015లో అనుమతించింది. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. వినడానికి బాగుంది. లెక్క వేసి చూద్దాం.

విజయనగరంలో ఒక చిన్న ఇల్లు 20 లక్షలు అనుకుందాం. 90 శాతం అంటే 18 లక్షలు బ్యాంకు ఇస్తుంది, 2 లక్షలు మనం తేవాలి. అక్కడితో అయిపోదు. మన రాష్ట్రంలో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. అంటే మరో 1.50 లక్షలు. ఇంటి ఖరీదు 10 లక్షలు మించితే ఈ ఖర్చును ఇంటి విలువలో కలిపి అప్పు లెక్కగట్టరాదని నిబంధన. కనుక దాన్ని కూడా చేతి సొమ్ముతోనే కట్టాలి. పది శాతమనుకున్నది పదిహేడున్నర శాతమైంది. 3.50 లక్షలు. దీనికి లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ ఫీజులు అదనం.

నెలకు 5,000 మిగల్చగల కుటుంబానికి 3.50 లక్షలు పోగు కావాలంటే 70 నెలలు పడుతుంది, అంటే దాదాపు ఆరేళ్లు. ఇంటి ధర ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగినా ఆరేళ్లలో ఆ 20 లక్షల ఇల్లు 26.80 లక్షలవుతుంది. అప్పుడు కావలసిన చేతి సొమ్ము 4.69 లక్షలు. ఆరేళ్లు కడుపు కట్టుకుని గుమ్మం దాకా వచ్చేసరికి గుమ్మం ఇంకో లక్షా ఇరవై వేల దూరం జరిగి ఉంటుంది. ఈ మధ్యలో అద్దె ఎలాగూ కడుతూనే ఉండాలి.

చిన్న పట్టణాల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంటి అసలు ధర ఒకటి, దస్తావేజులో రాసే ధర ఇంకొకటి. అమ్మేవాడు ప్రభుత్వ విలువ దగ్గరే దస్తావేజు రాస్తానంటాడు. 20 లక్షల ఇంటికి 14 లక్షలే కాగితంలో పడితే బ్యాంకు ఆ 14 లక్షలనే చూస్తుంది. 90 శాతం అంటే 12.60 లక్షలు. మిగిలిన 7.40 లక్షలు, పైన 1.05 లక్షల రిజిస్ట్రేషన్ ఖర్చు కొనేవాడి నెత్తిన పడతాయి. నల్లధనం లాభం అమ్మేవాడిది, దాని శిక్ష తొలిసారి ఇల్లు కొనుక్కునే పేదవాడిది.

ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తున్నది? ఇంట్లో ఆడవాళ్ల మెడలో నగలు తాకట్టుకు వెళ్తున్నాయి. మెహర్‌గా వచ్చిన బంగారం గోల్డ్ లోన్ కౌంటర్ల చేరుతున్నది. లేదా నూటికి మూడు రూపాయల చేబదులు, అంటే ఏడాదికి 36 శాతం. డౌన్ పేమెంట్ కోసం చేసిన అప్పుకు వడ్డీ, ఇంటి అప్పుకు వాయిదా. గోరుచుట్టుపై రోకటి పోటు.

నూటికి ఒక్కరైనా లేనివాళ్లం

2011 జనగణన నాటికి శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు, విజయనగరం జిల్లా జనాభా 23 లక్షలు దాటింది. రెండు జిల్లాల్లోనూ ముస్లిములు నూటికి ఒక్కరైనా లేరు. కర్నూలు, కడప, గుంటూరు ముస్లిములకు ఓటు బలమైనా ఉంది. మనకు అదీ లేదు. మైనారిటీలు 25 శాతానికి తక్కువ కాకుండా ఉన్న 121 జిల్లాలను ఎంపిక చేసి, అక్కడ రుణ పంపిణీపై ప్రత్యేక దృష్టి పెట్టమని బ్యాంకులకు జాబితా ఇచ్చారు. సంఖ్య తక్కువైనవాడికి రక్షణ ఎక్కువ కావాలన్నది మైనారిటీ హక్కుల మూలసూత్రం. ఇక్కడ అది తలకిందులైంది. పదిమందిలో ముగ్గురుగా ఉన్నవాడు మైనారిటీగా లెక్కకు వస్తాడు, నూటికి ఒక్కడుగా ఉన్నవాడు ఏ లెక్కలోకీ రాడు.

2006 నవంబరులో సమర్పించిన సచార్ కమిటీ నివేదిక ఒక చేదు నిజాన్ని నమోదు చేసింది. ముస్లిములు గుమిగూడి ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘నెగటివ్ జోన్లు’గా గుర్తించి, అక్కడ రుణాలూ ఇతర సేవలూ సులువుగా అందకుండా చేశాయన్నది ఆ నిజం. ఉత్తరాంధ్రలో మనం గుమిగూడి ఉండే బస్తీలు పెద్దగా లేవు. ఇక్కడ మనల్ని ఆపేది పేట పేరు కాకపోవచ్చు. ఆపేది మన బతుకుతెరువు ఆకారం. చేతివృత్తి, రోజువారీ నగదు, జీతం స్లిప్పు లేని ఆదాయం, ఆదాయపు పన్ను రిటర్ను లేని జీవితం, తాతల నాటి ఇంటికి పట్టా తప్ప లింకు డాక్యుమెంట్లు లేకపోవడం. పదేళ్లు ఒక్క నెల తప్పకుండా అద్దె కట్టిన మనిషికి బ్యాంకు దృష్టిలో చరిత్రే లేదు. రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన జీతగాడికి ఉంది.

ప్రభుత్వ బ్యాంకు తలుపు మూసుకున్నప్పుడు పక్క వీధిలో ఫైనాన్స్ కంపెనీ తలుపు తెరిచి ఉంటుంది. ఆదాయ రుజువు అంతగా అడగదు, డౌన్ పేమెంట్ తక్కువే అంటుంది. ఆ తక్కువకు వెల ఎంత? 18 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు. వడ్డీ 8.5 శాతమైతే నెల వాయిదా సుమారు 15,620 రూపాయలు. అదే అప్పు 13 శాతమైతే వాయిదా సుమారు 21,090. నెలకు దాదాపు 5,470 రూపాయల తేడా, ఇరవై ఏళ్లలో 13 లక్షల పైచిలుకు. ఒకే వీధిలో, ఒకే ధరకు, ఒకే రకం ఇల్లు కొన్న ఇద్దరిలో కాగితాలు లేనివాడు ఇంకో చిన్న ఇంటి ఖరీదు అదనంగా కడుతున్నాడు. దీన్ని మార్కెట్ అని పిలిస్తే సరిపోదు. ఇది పేదరికం మీద వేసిన పన్ను.

చట్టంలో మనకు చోటు లేదా? ఉంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు తమ సవరించిన నికర రుణాల్లో 12 శాతం ప్రాధాన్యరంగం కింద బలహీన వర్గాలకు ఇవ్వాలి. నోటిఫై చేసిన మైనారిటీలు ఆ బలహీన వర్గాల్లో భాగమే. 10 లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల్లో 35 లక్షల వరకు గృహరుణాలు 2025 ఏప్రిల్ నుంచి ప్రాధాన్యరంగం కిందికే వస్తున్నాయి. అల్పాదాయ వర్గాలకు మూడో మనిషి హామీ లేకుండా గృహరుణం ఇచ్చే బ్యాంకుకు నష్టం రాకుండా 2012లోనే కేంద్రం ఒక గ్యారంటీ నిధి ట్రస్టు పెట్టింది. దాని మూలనిధిని ఇటీవలి పథకంలో 1,000 కోట్ల నుంచి 3,000 కోట్లకు పెంచారు. బ్యాంకుకు భయం లేకుండా ప్రభుత్వం పూచీ పడ్డాక కూడా పేదవాడిని గ్యారంటీదారును తెమ్మంటే, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న మాటే గుర్తుకొస్తుంది.

టిడ్కో నేర్పిన పాఠం

తక్కువ డౌన్ పేమెంటుతో ఇల్లు అనే ఆలోచన మన రాష్ట్రానికి కొత్త కాదు. టిడ్కో ఇళ్లు అదే. 300, 365, 430 చదరపు అడుగుల మూడు నమూనాలు. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వ కాలంలో 300 అడుగుల ఇంటిని రూపాయికి ఇస్తామన్నారు. 365 అడుగుల ఇంటికి లబ్ధిదారు వాటాను 50 వేల నుంచి 25 వేలకు, 430 అడుగుల ఇంటికి లక్ష నుంచి 50 వేలకు తగ్గించారు. మిగిలినదానికి లబ్ధిదారు పేరున బ్యాంకు రుణం: 365 అడుగుల ఇంటికి 3.15 లక్షలు, 430 అడుగుల ఇంటికి 3.65 లక్షలు. శ్రీకాకుళంలో పాత్రునివలస, విజయనగరంలో సోనియానగర్, సారిపల్లి ఈ ఇళ్ల పేరుతోనే పత్రికల్లో నానాయి.

ఆలోచన మంచిది. దేశంలో ఏ బ్యాంకూ ఇంత తక్కువ తొలి సొమ్ముతో పేదవాడికి పక్కా ఇల్లు ఇవ్వదు. కానీ ఆచరణలో ఏమైంది? ప్రభుత్వాలు మారాయి, రంగులు మారాయి, జాబితాలు మారాయి, పనులు ఆగాయి. అప్పు మాత్రం ఆగలేదు. తాళం చేతికి రాకముందే మారటోరియం ముగిసిపోయి, వాయిదా కట్టమని లబ్ధిదారులకు బ్యాంకుల నుంచి నోటీసులు వెళ్లిన ఉదంతాలు రాష్ట్రమంతటా వెలుగులోకి వచ్చాయి. ఇల్లు చూడని మనిషి మొండి బకాయిదారు అయ్యాడు. ఆ మచ్చతో సిబిల్ స్కోరు దెబ్బతిన్నాక మరో బ్యాంకులో చిన్న వ్యాపారానికి అప్పు అడిగినా పుట్టదు.

కనుక డౌన్ పేమెంట్ తగ్గించడం సగం పనే. అప్పు మొదలయ్యే రోజూ తాళం చేతికొచ్చే రోజూ ఒకటే కావాలి. ప్రభుత్వ జాప్యానికి వడ్డీ ప్రభుత్వమే భరించాలి.

స్థలమిచ్చి ఇల్లు కట్టుకొమ్మన్న పథకమూ చూశాం. విజయనగరం దగ్గర గుంకలాంలో 397 ఎకరాల్లో 12 వేలకు పైగా ప్లాట్లు వేసి, 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రి చేతుల మీదుగా పంచారు. పట్టణాల్లో కుటుంబానికి ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర. కట్టుకోవడానికి 1.80 లక్షలు. సిమెంటు, ఇనుము, కూలి ధరలు తెలిసిన ఎవరికైనా ఆ సొమ్ము ఎక్కడ ఆగుతుందో తెలుసు. ఆగిన ఇళ్లను పూర్తి చేయడానికి ఇప్పటి ప్రభుత్వం 2025 మార్చిలో అదనపు సాయం ప్రకటించింది. ఎస్సీలకు, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజనులకు లక్ష. మంచి నిర్ణయమే. అందులో మైనారిటీ అన్న పేరు మాత్రం లేదు. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ లో ఉన్న ముస్లిం కుటుంబాలు బీసీలే. వారికి ఈ సాయం తప్పక అందేలా ప్రతి మండలానికి స్పష్టమైన ఆదేశం వెళ్లాలి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి పేర్లతో బీసీ-ఇ జాబితా బయట ఉండిపోయిన పేద కుటుంబాల గోడలు కూడా కప్పు లేకుండా వానకు తడుస్తున్నాయని మరచిపోరాదు.

వడ్డీ కట్టేవాడికే రాయితీనా?

అసలు ప్రశ్నకు వద్దాం. మనలో ఎన్నో కుటుంబాలకు బ్యాంకు అప్పు పుట్టకపోవడం ఒక్కటే సమస్య కాదు. పుట్టినా తీసుకోలేకపోవడం సమస్య. రిబాను ఖురాన్ నిషేధించిందన్న విశ్వాసం వారిది. ఇల్లు లేని అగత్యంలో ఏం చేయాలన్న దానిపై ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. పాశ్చాత్య దేశాల్లోని ముస్లిములకు ఇతర మార్గం లేనప్పుడు, నివసించే ఇంటి కోసం బ్యాంకు రుణాన్ని అనుమతించవచ్చునని యూరోపియన్ కౌన్సిల్ ఫర్ ఫత్వా అండ్ రీసెర్చ్ 1999లో చెప్పింది. దాన్ని అంగీకరించని పండితులు చాలామంది ఉన్నారు. ఈ వివాదంలో తీర్పు చెప్పడం మా పని కాదు. విశ్వాసం కావాలో పైకప్పు కావాలో తేల్చుకొమ్మని పౌరుడిని అడిగే హక్కు రాజ్యానికి లేదని చెప్పడం మాత్రం మా పని.

ఆచరణలో రాజ్యం అదే అడుగుతున్నది. 2024 సెప్టెంబరు 1న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 చూడండి. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబం 35 లక్షల లోపు ఇల్లు కొనడానికి 25 లక్షల లోపు అప్పు తీసుకుంటే, తొలి 8 లక్షలపై 4 శాతం వడ్డీ రాయితీ వస్తుంది. గరిష్ఠంగా 1.80 లక్షలు, అయిదు వార్షిక వాయిదాల్లో రుణ ఖాతాకు జమ అవుతుంది. ఇందులో రెండు లోపాలున్నాయి.

మొదటిది, సొమ్ము అవసరమైన రోజున రాదు. గుమ్మం దగ్గర నిలబడి 2 లక్షలు లేక వెనుదిరిగేవాడికి, లోపలికొచ్చాక అయిదేళ్లపాటు ఏటా 36 వేలు ఇస్తామనడం దాహంతో ఉన్నవాడికి బావి పటం చూపడం లాంటిది. అదే 1.80 లక్షలు తొలిరోజే మార్జిన్‌గా జమచేస్తే 20 లక్షల ఇంటికి కావలసిన మార్జిన్‌లో పదింట తొమ్మిది వంతులు తీరుతుంది. ఖజానాకు అదనపు భారం దాదాపు ఉండదు. మారేది రాయితీ ఇచ్చే వేళ మాత్రమే.

రెండోది ఇంకా తీవ్రమైనది. వడ్డీ కట్టేవాడికే రాయితీ. సొంత స్థలం ఉన్నవాడికి నిర్మాణ సాయం వేరే విభాగంలో ఉంది. స్థలం లేక, వడ్డీ కట్టక, కొద్దికొద్దిగా కూడబెట్టి ఇల్లు కొనాలనుకునే కుటుంబానికి ఈ విభాగంలో ఒక్క రూపాయి దక్కదు. పన్నులు అందరివీ, సాయం వడ్డీ ఒప్పుకున్నవాడిది. ఇది ఉద్దేశపూర్వక వివక్ష అని మేము అనడం లేదు. ఫలితం వివక్షే అంటున్నాం.

వడ్డీ లేని దారి ఎందుకు లేదు? రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన ఆర్థికరంగ సంస్కరణల కమిటీ 2008లో వడ్డీరహిత బ్యాంకింగును సిఫారసు చేసింది. విశ్వాస కారణాలతో వడ్డీకి దూరంగా ఉండే వర్గాలు అభివృద్ధికి దూరమవుతున్నాయని గుర్తించింది. 2015లో దీపక్ మహంతి కమిటీ సాధారణ బ్యాంకుల్లోనే వడ్డీరహిత కిటికీ తెరవమంది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. అందరికీ బ్యాంకింగు సేవలు విస్తృతంగా, సమానంగా అందుబాటులో ఉన్నాయన్నది చెప్పిన కారణం. తినరాని భోజనం అందరికీ సమానంగా వడ్డిస్తే ఆకలి తీరినట్లేనా?

ఇతర దేశాల్లో ఇది గొప్ప విప్లవమేమీ కాదు. తగ్గుతూ పోయే భాగస్వామ్యం అనే పద్ధతి ఉంది. సంస్థా, కుటుంబమూ కలిసి ఇల్లు కొంటారు. సంస్థ వాటా వాడుకున్నందుకు కుటుంబం అద్దె కడుతుంది, నెలనెలా ఆ వాటాలో కొంత కొంటుంది. చివరికి ఇల్లు పూర్తిగా కుటుంబానిదవుతుంది. ఈ తరహా లావాదేవీల్లో ఇల్లు రెండుసార్లు చేతులు మారినట్లు లెక్కించి రెండుసార్లు స్టాంపు డ్యూటీ వేయడం అన్యాయమని బ్రిటన్ 2003లోనే చట్టం మార్చింది. మన రాష్ట్రంలో ఒక సహకార సంఘం 20 లక్షల ఇల్లు కొని సభ్యుడికి బదిలీ చేస్తే 1.50 లక్షల సుంకం రెండుసార్లు కట్టవలసి వస్తుంది. బ్యాంకులు వ్యాపారం చేయరాదనే 1949 నాటి బ్యాంకింగు నియంత్రణ చట్టాన్ని మార్చడం ఢిల్లీ పని. రెండో స్టాంపు డ్యూటీ ఎత్తివేయడం అమరావతి చేయగల పని. దానికి ఢిల్లీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు.

అమెరికా అనుభవం

తక్కువ డౌన్ పేమెంట్ అనగానే అమెరికా పేరు వస్తుంది. అక్కడ ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ హామీతో 3.5 శాతం తొలి చెల్లింపుతో ఇల్లు కొనవచ్చు. మాజీ సైనికులకు 1944 నుంచి డౌన్ పేమెంటే లేని రుణాలున్నాయి. కోట్లాది కుటుంబాలు ఆ దారిన ఇంటివాళ్లయ్యాయి. కానీ 1934లో ఆ సంస్థ పుట్టినప్పుడు నల్లజాతివారి పేటలను ప్రమాదకరమైనవిగా పరిగణించి రుణహామీ నిరాకరించారు. పటాలపై అలాంటి పేటలకు ఎర్రరంగు పూసినందున రెడ్‌లైనింగ్ అన్న మాట పుట్టింది. ప్రభుత్వ పూచీతో ఒక జాతికి ఇళ్లు, ఆస్తులు సమకూరాయి. మరో జాతి తరాలపాటు అద్దెకే మిగిలింది. ఇల్లు ఒక తరానికి నీడ అయితే తర్వాతి తరానికి చదువుకూ వ్యాపారానికీ పెట్టుబడి. నాడు ఆగిన గడప ప్రభావం నేటికీ అక్కడి సంపద లెక్కల్లో కనిపిస్తున్నది.

దాన్ని సరిదిద్దడానికి వారు ఏం చేశారన్నది మనకు ముఖ్యం. 1968లో గృహ వివక్షను నిషేధించారు. 1975లో ఏ బ్యాంకు ఎక్కడ గృహరుణాలు ఇచ్చిందో ప్రజలకు వెల్లడించాలని చట్టం చేశారు. 1977లో డిపాజిట్లు సేకరించిన పేటల్లోనే రుణ అవసరాలూ తీర్చే బాధ్యత బ్యాంకులపై పెట్టారు. లెక్క బయటపడితేనే వివక్ష బయటపడుతుంది. మన జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో గృహరుణం కోరిన మైనారిటీ దరఖాస్తులెన్ని, మంజూరైనవెన్ని, తిరస్కరించినవెన్ని, ఏ కారణంతో అన్న పట్టిక ప్రజల ముందు పెట్టమని అడగడం అత్యాశ కాదు.

అప్పు ఉరితాడు కాదా?

మన మిత్రులే ఒక అభ్యంతరం చెబుతారు. డౌన్ పేమెంట్ తగ్గితే అప్పు పెరుగుతుంది, అప్పు పెరిగితే పేదవాడు మునుగుతాడు, 2008లో అమెరికాలో జరిగింది అదే కదా అని. ఇది తేలిగ్గా కొట్టేయదగిన మాట కాదు. 20 లక్షల ఇంటికి 16 లక్షలు అప్పు చేస్తే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు వాయిదా సుమారు 13,885. 18 లక్షలైతే 15,620. చేతి నుంచి 2 లక్షలు తక్కువ పెట్టినందుకు ఇరవై ఏళ్లలో 4 లక్షలకు పైగా ఎక్కువ కడతాం. మూడు నెలలు వాయిదా తప్పితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసుతో ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుకావచ్చు.

కానీ ఆ వాదనకు జవాబు పేదవాడిని అద్దె ఇంట్లోనే ఉంచడం కాదు. 2008లో అమెరికాను ముంచిన కారణాల్లో పెద్దవి తిరిగి కట్టగల శక్తిని చూడకుండా పంచిన అప్పులు, మొదట తక్కువగా చూపి తర్వాత పెంచిన వడ్డీలు. నిజాయితీగా లెక్కగట్టి, ప్రభుత్వ పూచీతో, తక్కువ వడ్డీకి లేదా వడ్డీయే లేకుండా ఇచ్చేది వేరు. ఏజెంటు చేతికి సంతకాలిచ్చి తెచ్చుకునేది వేరు.

అందుకే బ్యాంకు రుణాన్ని ఎంచుకునే కుటుంబాలకు కొన్ని మాటలు చెప్పడం మా బాధ్యత. 2024 అక్టోబరు నుంచి ప్రతి రుణానికి ముందు అసలు ఖర్చంతా చూపే కీలక వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. దాన్ని అడిగి తీసుకోండి, అర్థం కాకపోతే చదువుకున్నవారికి చూపండి. మారే వడ్డీపై వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినందుకు జరిమానా వసూలు చేయరాదు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. హలాల్ లాభం అన్న మాట వినగానే కూడబెట్టిన సొమ్ము పోయకండి. బెంగళూరులో ఐఎంఏ 2019 జూన్‌లో కుప్పకూలినప్పుడు మునిగింది మన మధ్యతరగతి, మన వితంతువులు. మతం పేరు చెప్పే మోసగాడు కూడా మోసగాడే.

మన వంతు

ప్రభుత్వాన్ని అడిగే హక్కు మనకుంది. దానితో పాటు మన చేతుల్లో ఉన్న పనీ ఉంది. డౌన్ పేమెంట్ అంటే రెండు మూడు లక్షలు. ఒక కుటుంబానికి కొండ. వంద కుటుంబాలు నెలకు వెయ్యి చొప్పున కలిపితే నెలకు లక్ష. రెండు మూడు నెలలకు ఒక కుటుంబం గడప దాటగలదు. దాన్ని అందుకున్న కుటుంబం వడ్డీ లేకుండా తిరిగి కడుతుంది. ఇదే ఖర్జె హసనా. ఉత్తరప్రదేశ్‌లో దేవ్‌బంద్ ముస్లిం ఫండ్ 1961 నుంచి, నజీబాబాద్ ముస్లిం ఫండ్ 1971 నుంచి పొదుపును వడ్డీలేని అప్పుగా మలిచే దారి చూపాయి. మన రాష్ట్రానికి అంతకంటే మంచి సాధనం ఉంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వ జోక్యం లేకుండా, సభ్యులే యజమానులుగా సంఘం పెట్టుకోవచ్చు. ఏటా ఆడిట్, సర్వసభ్య సమావేశం, లెక్కలు నోటీసు బోర్డు మీద ఉండాలి. మసీదు కమిటీ ప్రోత్సహించాలి, పెత్తనం చేయకూడదు. మన ఊళ్లలో మన సంఖ్య తక్కువ కనుక శ్రీకాకుళం, ఆమదాలవలస, పలాస, ఇచ్ఛాపురం, విజయనగరం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం కలిసి ఒకే సంఘంగా ఏర్పడితేనే నిలబడుతుంది. ఇరుగుపొరుగు ముస్లిమేతర పేదలకూ అందులో చోటివ్వాలి. వడ్డీ బాధ అందరిదీ.

మా డిమాండ్లు

ఒకటి: పీఎం ఆవాస్ యోజన వడ్డీ రాయితీని, కోరిన లబ్ధిదారుకు తొలిరోజే డౌన్ పేమెంటుగా ఇవ్వాలి. వడ్డీరహిత పద్ధతిలో ఇల్లు కొనేవారికీ అంతే మొత్తం వర్తించాలి.

రెండు: జాతీయ మైనారిటీ అభివృద్ధి ఆర్థిక సంస్థ రుణాలు ఉపాధికీ చదువుకూ ఉన్నాయి, ఇంటికి లేవు. రాష్ట్ర మైనారిటీ ఆర్థిక సంస్థ ద్వారా తొలి ఇంటికి వడ్డీలేని మార్జిన్ రుణం ప్రవేశపెట్టాలి.

మూడు: సహకార సంఘం నుంచి సభ్యుడికి జరిగే ఇంటి బదిలీపై రెండో స్టాంపు డ్యూటీ రద్దు చేయాలి. తొలిసారి చిన్న ఇల్లు కొనే పేద కుటుంబానికి 7.5 శాతం సుంకాన్ని తగ్గించాలి.

నాలుగు: అద్దె చెల్లింపులు, కరెంటు బిల్లులు, యూపీఐ లావాదేవీలను ఆదాయ రుజువుగా బ్యాంకులు అంగీకరించాలి. గ్యారంటీ నిధి వర్తించే రుణాలకు మూడో మనిషి హామీ అడగరాదు.

అయిదు: పాత్రునివలస, సోనియానగర్, సారిపల్లి సహా ప్రతి టిడ్కో సముదాయంలో తాళం ఇవ్వని ఇంటిపై వాయిదా వసూలు ఆపాలి. దెబ్బతిన్న సిబిల్ రికార్డులను సరిచేయించాలి.

ఆరు: 2025 అదనపు గృహ సాయం ముస్లిం కుటుంబాలన్నింటికీ, బీసీ-ఇ కి చెందినా చెందకపోయినా, వర్తింపజేయాలి.

ఏడు: రెండు జిల్లాల్లో మైనారిటీ గృహరుణాల దరఖాస్తుల, మంజూరుల లెక్క మూడు నెలలకోసారి ప్రకటించాలి.

నివాసపు హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. ఆ హక్కు గుమ్మం దగ్గర రెండు లక్షల కోసం ఆగిపోతున్నది. మీ ఊరి సచివాలయంలో, మీ బ్యాంకు శాఖలో, జిల్లా కలెక్టరు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ ఏడు డిమాండ్లనూ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నిరాకరించిన ప్రతి దరఖాస్తుకు కారణం రాతలో అడగండి. ఆ కాగితాలు భద్రపరచండి. నూటికి ఒక్కరైనా లేనివాళ్లకు సంఖ్యాబలం లేకపోవచ్చు, చేతిలో లెక్క ఉంటే చాలు.